మాట తట్టకపోవడం వేరు, అర్థం పోవడం వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్యం పేజీలో అరవై దాటినవారి మతిమరుపు గురించి వచ్చిన వ్యాసం చదివాను. నేను ముప్పై ఒక్క ఏళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దినదాన్ని. ఇప్పుడు నాకు అరవై ఎనిమిది. చేతిలో ఎర్ర కలం లేకుండా పత్రిక చదవడం ఇప్పటికీ చేతకాదు. మీ వ్యాసంలో రెండు వాక్యాల కింద గీతలు గీశాను. మెదడు ఒక నిఘంటువు అనీ, వయసు మీద పడేకొద్దీ అందులోంచి పేజీలు ఒక్కొక్కటే ఊడిపోతాయనీ అన్నది మొదటిది. గడగడా మాట్లాడగలుగుతున్నంత వరకు భయపడనక్కరలేదన్నది రెండోది. మొదటి వాక్యం భయపడనక్కరలేని నన్ను భయపెట్టింది. రెండో వాక్యంలాంటి మాటనే నమ్మి మా ఇంట్లోవాళ్ళు భయపడవలసిన వేళ రెండేళ్ళు నిశ్చింతగా గడిపారు. అందుకే ఈ ఉత్తరం. ఇది మీరు వేసుకునే ఉత్తరాల కంటే చాలా పొడవని తెలుసు. కత్తిరించేటప్పుడు ఏ పేరాలు ముందు పోతాయో కూడా తెలుసు. మా అన్నయ్య సంగతి మాత్రం ఉంచమని ముందే అడుగుతున్నాను.

ముందు నా సంగతి. మీ వ్యాసం వచ్చిన వారంలోనే మనవడు గోడగడియారం బొమ్మ గీస్తూ, "కింద అటూ ఇటూ ఊగేదాన్ని ఏమంటారు అమ్మమ్మా?" అని అడిగాడు. నోరు తెరిచాను. మాట రాలేదు. అదేమిటో తెలియక కాదు. కడ్డీ చివర బరువు ఉంటుందని తెలుసు. కడ్డీ పొడవు పెరిగితే ఊపు నెమ్మదిస్తుందనీ, బరువు పెంచితే తేడా రాదనీ తెలుసు. ఆ సంగతి చిన్నప్పుడు అన్నయ్య దారానికి రాయి కట్టి చూపించినప్పటి నుంచీ తెలుసు. గెలీలియో పేరు తట్టింది. కావలసిన మాట తట్టలేదు. మూడు అక్షరాలని తెలుసు. చివర సున్న ఉందని తెలుసు. ఫలకం, తిలకం, కీలకం వరుసగా వచ్చి నిలబడ్డాయి. ఒక్కొక్కదాన్నీ నువ్వు కాదు, నువ్వు కాదు అని పంపించేశాను. రెండు రోజులు అదే యాతన. పేజీ ఊడిపోయిందన్న మీ వాక్యం మనసులో తిరుగుతూనే ఉంది. రెండో రోజు సాయంత్రం పక్క గదిలో ఎవరో ఎవరినో "లోపలికి రండి" అన్నారు. "లోలకం!" అని నేను ఇక్కడ కేకేశాను. వచ్చినవారు కంగారుపడ్డారు.

తర్వాత నింపాదిగా ఆలోచిస్తే ఒక అనుమానం వచ్చింది. పేజీయే ఊడిపోతే తిలకం కాదని నాకు ఎవరు చెప్పారు? ఫలకం కాదని దేనితో పోల్చి చూసుకున్నాను? భాషాశాస్త్రం చదువుతున్న నా మనవరాలిని అడిగితే నవ్వి నాలుగు పుస్తకాలు తెచ్చి ముందు పెట్టింది. వాటిలో అర్థం కాని పేజీలు చాలానే ఉన్నాయి. అర్థమైనవాటిలోంచి రాస్తున్నాను.

1890లోనే విలియం జేమ్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త ఈ అవస్థను వర్ణించాడు. మరచిన పేరు చోట మిగిలే ఖాళీ ఉత్త ఖాళీ కాదట. అది పని చేస్తూనే ఉంటుంది, తప్పు పేరు తెచ్చి పెడితే ఇమడదని తోసేస్తుంది. 1966లో హార్వర్డ్‌లో రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ దీన్ని గదిలో కూర్చోబెట్టి రప్పించారు. అరుదైన పదాల నిర్వచనాలు చదివి, ఆ పదమేమిటో చెప్పమని విద్యార్థులను అడిగారు. సముద్రంలో నావికులు సూర్యుడి ఎత్తు కొలిచే పరికరం ఏమిటని అడిగితే కావలసిన జవాబు సెక్స్‌టెంట్. అది నాలుక దాకా వచ్చి ఆగిపోయినవాళ్ళకు సీకెంట్, సెక్స్‌టెట్ లాంటి మాటలు తట్టాయి. అర్థంలో చుట్టాలైన దిక్సూచి లాంటివీ తట్టాయి. మాట రాకపోయినా మొదటి అక్షరం ఏదో, ఎన్ని అక్షరాలో చాలాసార్లు సరిగ్గానే చెప్పారు. నా ఫలకం, తిలకం వాళ్ళ సీకెంట్‌కు తోబుట్టువులన్నమాట.

1997లో ఇటలీ భాషవాళ్ళతో జరిపిన ప్రయోగం నాకు ఇంకా నచ్చింది. ఆ భాషలో ప్రతి నామవాచకానికీ లింగం ఉంటుంది, చాలావాటికి దాని వెనక తర్కం ఏమీ ఉండదు. మాట నోటికి రానివాళ్ళు కూడా అది పుంలింగమో స్త్రీలింగమో గుడ్డిగా చెప్పేదానికంటే బాగా చెప్పగలిగారు. అంటే అర్థం దొరికింది, వ్యాకరణం దొరికింది, ధ్వని ఒక్కటే దొరకలేదు. చెవిటివారి సంజ్ఞాభాషలోనూ ఇదే తంతు. చేతి ఆకారం గుర్తుంటుంది, ఒంటి మీద ఏ చోట పెట్టాలో గుర్తుంటుంది, కదలిక మాత్రం రాదు. వాళ్ళకు అది వేళ్ళ కొసన ఉంటుంది. మనకు నోట్లో నానుతుంది. బెనెట్ ష్వార్ట్జ్ అనే ఆయన 51 భాషలు వెతికితే 45 భాషలవాళ్ళు ఈ అవస్థను నాలుకకే ముడిపెట్టారట. పాపం, ఈ వ్యవహారంలో నాలుక తప్పేమీ లేదు.

తప్పు ఎక్కడుందో తెలియాలంటే కాలం లెక్క చూడాలి. బొమ్మ చూపించి పేరు చెప్పమంటే సుమారు సెకనులో పదింట ఆరు వంతుల వ్యవధిలో నోరు కదలడం మొదలవుతుంది. ఆ కొద్ది వ్యవధిలో ఏం జరుగుతుందో పీటర్ ఇండెఫ్రే, విల్లెం లెవెల్ట్ 2004లో చాలా ప్రయోగాలను కలిపి అంచనా కట్టారు. సెకనును వెయ్యి భాగాలు చేస్తే, 175వ భాగం దగ్గరికి వచ్చేసరికి చూసింది ఏమిటో తేలుతుంది. 250 దగ్గరికి దానికి తగిన మాట ఎంపికవుతుంది, ఇంకా ధ్వని లేని మాట. 330 దగ్గరికి దాని ధ్వనులు అందుతాయి. ఆ తర్వాత అక్షరాలు కూడుకోవడం, నాలుకకూ పెదవులకూ ఆదేశాలు వెళ్ళడం. ఆ అంకెలు అటూ ఇటూ కావచ్చు, కానీ వరుస ముఖ్యం. మాట్లాడేటప్పుడు అర్థం ముందు వస్తుంది, ధ్వని వెనక వస్తుంది. ఈ రెండింటికీ మధ్య ఒక వంతెన ఉంది. నా లోలకం 250కీ 330కీ మధ్య రెండు రోజులు ఇరుక్కుపోయింది.

ఈ పని మనం తీరిగ్గా చేసేది కూడా కాదు. మామూలు మాటల్లో సెకనుకు రెండు మూడు పదాలు పలుకుతాం. వేలకు వేల పదాల్లోంచి ఏరి తెచ్చే ఈ పనిలో వెయ్యి పదాలకు ఒకటి రెండు కంటే ఎక్కువ తప్పులు దొర్లవట. ముప్పై ఒక్క ఏళ్ళలో అంత శుభ్రమైన గ్యాలీ ప్రూఫు నేను ఒక్కటి కూడా చూడలేదు.

వినేటప్పుడు, చదివేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. రూపం ముందు, అర్థం వెనక. ఇక్కడ నా వృత్తి సంగతి ఒకటి చెప్పాలి. ఒకసారి ఒక సభ వార్తలో "ప్రేక్షకులు దుప్పట్లు కొట్టారు" అని పడింది. చప్పట్లు అనాల్సిన చోట. ఆ మాటలో అక్షరదోషం లేదు. దుప్పట్లు నిక్షేపంలాంటి మాట. అయినా కన్ను అక్కడికి రాగానే కాలికి రాయి తగిలినట్టయింది. అదే పేజీలో "అతిథి" బదులు "అతిధి" అని రెండుసార్లు ఉంటే మొదటిసారి నేనే దాటిపోయాను. అర్థం చెడగొట్టని తప్పు జారిపోతుంది, అర్థం చెడగొట్టే తప్పు గుచ్చుకుంటుంది. మా అచ్చాఫీసులో పెద్దవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పే కిటుకు ఒకటే: వాక్యాన్ని చివరి మాట నుంచి వెనక్కి చదవండి. అర్థం మనల్ని లాక్కుపోకుండా ఉంటేనే అక్షరం కనబడుతుంది. ఆ గుచ్చుకోవడం నిజంగా మెదడులో కొలవదగ్గదని నాకు ఆ రోజుల్లో ఎవరూ చెప్పలేదు.

1980లో మార్టా క్యూటస్, స్టీవెన్ హిల్యార్డ్ దాన్ని కొలిచారు. తల మీద లోహపు బిళ్ళలు తగిలించి మెదడు విద్యుత్తును గీతలుగా గీయించడం హాన్స్ బెర్గర్ మనిషి మీద 1924లోనే మొదలుపెట్టాడు. వీళ్ళు ఆ బిళ్ళలు తగిలించుకున్నవారికి ఏడేసి పదాల వాక్యాలను తెర మీద ఒక్కొక్క పదంగా చూపించారు. ఒక వాక్యంలో అతను వెచ్చని రొట్టె మీద మేజోళ్ళు పూశాడని ఉంటుంది. ఇంగ్లీషులో మేజోళ్ళన్న మాట చివర పడుతుంది కాబట్టి దెబ్బ అక్కడ తగులుతుంది. వింత కనబడితే ధన దిశలో ఒక అల లేస్తుందని అప్పటికే తెలుసు, వాళ్ళు ఎదురుచూసింది దాని కోసమే. తీరా చూస్తే వచ్చింది రుణ దిశ అల, మాట కనబడ్డాక సుమారు 400 మిల్లీసెకన్ల దగ్గర దాని శిఖరం. దానికి ఎన్ 400 అని పేరు పెట్టారు. వోల్టులో పది లక్షల వంతుల్లో కొలిచేంత చిన్న కదలిక అది. నాలాంటివాళ్ళ ప్రాణం లేచొచ్చే వివరం ఇంకొకటుంది. అదే ప్రయోగంలో కొన్ని వాక్యాల చివరి మాటను అర్థం సరిగ్గానే ఉంచి పెద్ద అక్షరాల్లో చూపించారు. అప్పుడు ఈ అల రాలేదు. ఇంకా ఆలస్యంగా, ధన దిశలో వేరే అల వచ్చింది. టైపు సైజు మారడం, అర్థం చెడడం మెదడుకు రెండు వేర్వేరు కబుర్లు. కంపోజింగు తప్పుకూ కాపీ తప్పుకూ మేము రెండు రంగుల సిరా వాడేవాళ్ళం. మెదడుకూ రెండు రంగులున్నాయని తెలిసి ముచ్చటేసింది.

దీన్ని ప్రమాద గంట అనుకోకూడదని పుస్తకాలు హెచ్చరిస్తున్నాయి. అర్థమున్న ప్రతి మాటకూ ఈ అల లేస్తుంది. ముందు మాటలు దారి చేసి పెట్టి ఉంటే చిన్నగా, దారి లేకపోతే పెద్దగా లేస్తుంది. అది అర్థాన్ని జ్ఞాపకంలోంచి తీసే శ్రమా, తీసిన అర్థాన్ని వాక్యంలో అమర్చే శ్రమా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. అయితే ఆ క్షణంలో మెదడు నిజం, అబద్ధం చూడదన్న దాఖలా మాత్రం 1983లో ఐరా ఫిష్లర్ బృందం చూపించింది. రాబిన్ ఒక పిట్ట. "రాబిన్ అనేది పక్షి కాదు" అన్న అబద్ధానికి ఇంగ్లీషు మాట్లాడేవారి మెదడు పక్షి అన్న మాట దగ్గర పెద్దగా ఉలిక్కిపడలేదు. రాబిన్ అన్నాక పక్షి రావడం దానికి చుట్టరికమే. మధ్యలో ఉన్న "కాదు"ను అది ఆ తొందరలో లెక్కలోకి తీసుకోలేదు. మన వాక్యంలో "కాదు" చివర వస్తుంది. అందుకని ఆ ప్రయోగాన్ని తెలుగులోకి యథాతథంగా దింపితే కుదరదు. తెలుగు వాక్యానికి తగినట్టు ఎవరైనా కొత్తగా అల్లుకోవాలి. నా మనవరాలిని అదే పనిగా పోరుతున్నాను.

ఒకే మాటకు రెండు అర్థాలుంటే ఏమవుతుంది? "అడుగు" తీసుకోండి. ప్రశ్నించు అన్న అడుగు, నడిచే అడుగు, పన్నెండు అంగుళాల అడుగు, గిన్నె అడుగు. వాక్యంలో ఏది కావాలో మనకు వెంటనే తెలిసినట్టే ఉంటుంది. కానీ 1979లో డేవిడ్ స్విన్నీ చేసిన పని చూస్తే ఆ "వెంటనే" అన్నది మన భ్రమ. ఇంగ్లీషులో "బగ్స్" అంటే పురుగులు, రహస్యంగా వినే యంత్రాలు కూడా. సాలెపురుగుల గురించే చెబుతున్నామని స్పష్టంగా తెలిసే వాక్యం వినిపిస్తూ, ఆ మాట దగ్గర తెర మీద ఒక పదం చూపించి అది నిజమైన పదమో కాదో చెప్పమన్నాడు. చీమ అన్న పదాన్నీ, గూఢచారి అన్న పదాన్నీ సంబంధం లేని పదం కంటే త్వరగా గుర్తుపట్టారు. అవసరం లేని అర్థం కూడా లేచి కూర్చుందన్నమాట. మూడు అక్షరాలు పలికే వ్యవధి ఆగి చూపిస్తే చీమ ఒక్కటే మిగిలింది. ఆ లేచి పడిపోయిన రెండో అర్థం గురించి విన్న మనిషికి కబురే అందలేదు. "అడుగు" విషయంలో మన విభక్తులు సగం పని చేసిపెడతాయేమో, "అడుగున" అనగానే దారులు కొన్ని మూసుకుపోతాయి. ఇది నా ఊహ మాత్రమే.

నిఘంటువులో పేజీలు ఇలా ప్రవర్తించవు. ఒక పేజీ తెరిస్తే పక్క పేజీలు వాటంతట అవే రెపరెపలాడవు. మెదడులో ఆడతాయి. వైద్యుడు అన్న మాట చదివాక నర్సు అన్న మాటను త్వరగా గుర్తుపడతామని డేవిడ్ మేయర్, రోజర్ ష్వానెవెల్ట్ 1971లోనే కొలిచి చూపించారు.

ఇక వయసు. వయసు పెరిగేకొద్దీ మాట నోటికి రాకపోవడం పెరుగుతుందన్నది నిజం. ఆ ఎన్ 400 అల కూడా కొంచెం చిన్నదై కొంచెం ఆలస్యమవుతుంది. కానీ ఊడిపోతున్నది అర్థం కాదు. పదాల అర్థాలు అడిగే పరీక్షల్లో పెద్దవాళ్ళు కుర్రవాళ్ళ కంటే తక్కువ తినరు, చాలాసార్లు ఎక్కువే తెచ్చుకుంటారు. డెబోరా బర్క్, డొనాల్డ్ మెకే బృందం 1991లో దీనికి ఒక వివరణ ఇచ్చింది. ఒక మాట అర్థానికి నలువైపుల నుంచీ పోగులు వచ్చి చేరతాయి. లోలకానికి గడియారం ఉంది, ఊపు ఉంది, గెలీలియో ఉన్నాడు, మా అన్నయ్య కట్టిన రాయి ఉంది. ఒక పోగు పలచబడితే ఇంకోటి ఆదుకుంటుంది. అక్కడి నుంచి ధ్వనికి వెళ్ళే చోట మాత్రం ఒక్కో అక్షరానికీ ఒంటిపోగే. వాడకపోతే అది సన్నబడుతుంది, వయసుతో ఇంకా సన్నబడుతుంది. లోలకం అన్న మాట నేను చివరిసారి ఎప్పుడు పలికానో నాకే గుర్తు లేదు.

మనుషుల పేర్లు ఇంకా అన్యాయం. ఇంగ్లీషులో బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, ఇంటిపేరు కూడా. ఒకే ముఖం చూపించి ఒకరికి ఈయన వృత్తి బేకర్ అనీ, ఇంకొకరికి ఈయన పేరు బేకర్ అనీ చెబితే వృత్తిగా విన్నవాళ్ళకే బాగా గుర్తుంటుంది. మాట ఒకటే, అక్షరాలు ఒకటే. వృత్తికి పొయ్యి ఉంది, పిండి ఉంది, వేకువన లేవడం ఉంది. పేరుకు ఏముంది? కాబట్టి పాత స్నేహితురాలు ఎదురైతే ఆమె పిల్లలెందరో, ఏ పాట బాగా పాడేదో గుర్తుండి పేరు మాత్రం రాకపోవడంలో వింత లేదు.

పక్క గదిలోంచి వచ్చిన "లోపలికి" నా మాటను ఎలా లాగిందన్నదానికీ జవాబు దొరికింది. మరచిన మాట మొదటి అక్షరంతో కలిసే వేరే మాటలు చెవిన పడితే తెగిన పోగు కాస్త బిగుస్తుందని 2000 తర్వాత జరిగిన ప్రయోగాల్లో తేలింది. నా విషయంలో అదే జరిగిందని రుజువు చేయలేను కానీ, నమ్ముతున్నాను. ఫలకం, తిలకం నాకు చివరి అక్షరాలు మాత్రమే ఇచ్చాయి. లోపలికి "లో" ఇచ్చింది.

ఇంకొకటి నా మొండితనానికి చెంపపెట్టు. కెనడాలో కేరిన్ హంఫ్రీస్, ఏమీ బెత్ వారినర్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో మాట తట్టనివాళ్ళను కొందరిని పది సెకన్లు, కొందరిని ముప్పై సెకన్లు అలాగే గింజుకోనిచ్చి అప్పుడు జవాబు చెప్పారు. రెండు రోజుల తర్వాత మళ్ళీ అదే మాట అడిగితే, ఎక్కువసేపు గింజుకున్నవాళ్ళే మళ్ళీ ఎక్కువగా ఇరుక్కున్నారు. మాట కోసం పెనుగులాడుతున్నామనుకుంటాం, నేర్చుకునేది మాత్రం ఇరుక్కుపోయే దారినే. జ్ఞాపకానికి వ్యాయామం అంటూ ఎవరినీ అడగకుండా రెండు రోజులు బిగదీసుకు కూర్చున్నాను. మొదటి నిమిషంలోనే కోడలిని అడిగి ఉంటే సరిపోయేది.

ఇప్పుడు అన్నయ్య.

అన్నయ్య నాకంటే మూడేళ్ళు పెద్ద. గడియారాలు విప్పి బిగించడం అతనికి చిన్నప్పటి నుంచీ సరదా, ఉద్యోగం వేరే. ఆరేళ్ళ క్రితం ఒక రోజు వదిన కత్తెర అందివ్వమంటే "కత్తెర అంటే ఏమిటి?" అన్నాడు. అందరూ నవ్వారు, హాస్యమాడుతున్నాడని. మరికొన్నాళ్ళకు కొంగనూ గద్దనూ పిచ్చుకనూ కలిపి పిట్ట అనడం మొదలుపెట్టాడు. తర్వాత పిట్ట కూడా పోయి "అది" అయింది. మాట ధార మాత్రం ఎక్కడా తెగలేదు. వాక్యాలు నున్నగా, వ్యాకరణం తప్పకుండా వస్తూనే ఉన్నాయి. మొదట చూపించిన వైద్యుడు తేదీ, వారం, ఇంటికి దారి అడిగాడు. అన్నీ సరిగ్గా చెప్పాడు. గడగడా మాట్లాడుతున్నాడు కదమ్మా, వయసు వల్ల అంతే అన్నాడాయన. మీ వ్యాసంలో రెండో వాక్యం అదే.

రెండేళ్ళ తర్వాత ఇంకో వైద్యురాలు ఒక పిట్ట బొమ్మ చూపించి, దాన్ని మూసేసి, కాసేపాగి గీయమంది. అన్నయ్య శ్రద్ధగా గీశాడు, నాలుగు కాళ్ళతో. ఈ జబ్బున్న చాలామంది అలాగే గీస్తారని ఆవిడ చెప్పింది. పక్షిని పక్షిగా నిలిపే సంగతులు జారిపోయి, జంతువులన్నిటికీ ఉండే సంగతులే చేతిలో మిగులుతాయి. స్కానింగులో కణత వెనుక ఉండే మెదడు భాగం, దాని ముందు కొస, ఎడమవైపు ఎక్కువగా, కుంచించుకుపోయి కనిపించింది. సెమాంటిక్ డిమెన్షియా అన్నారు, అంటే మాటల అర్థాలే చెరిగిపోతూ వచ్చే జబ్బు. ఇలాంటి రోగులను 1975లోనే ఎలిజబెత్ వారింగ్టన్ వివరంగా పరీక్షించింది, ఆ పేరు మాత్రం వేరే పరిశోధకులు 1989లో పెట్టారు. కంటితో చూసింది, చేత్తో తాకింది, చెవిన విన్నది అన్నీ వచ్చి ఒకే అర్థంగా ముడిపడే కూడలి మెదడులో ఆ కొస దగ్గరే ఉందని ఈ రోగులను చూసిన పరిశోధకులు అనుకుంటున్నారు.

మొన్న వాళ్ళింటికి వెళ్ళినప్పుడు నా అవస్థ చెప్పి నవ్వించాలనుకున్నాను. "అన్నయ్యా, రెండు రోజులు లోలకం అన్న మాట తట్టలేదు నాకు" అన్నాను. అన్నయ్య ఆ మాటను ఎంతో స్పష్టంగా, ఒక్క అక్షరం చెడకుండా అన్నాడు. "లోలకం. లోలకం అంటే ఏమిటమ్మా?" మా తల మీద గోడకు గడియారం ఆడుతూనే ఉంది. ప్రతి ఆదివారం ఉదయం ఎనిమిదింటికి దానికి కీ ఇవ్వడం అతను ఇప్పటికీ మరచిపోడు.

నాకు అర్థం ఉండి ధ్వని రాలేదు. అన్నయ్యకు ధ్వని ఉంది, అర్థం లేదు. మీ నిఘంటువు పోలికలో ఈ ఇద్దరిదీ ఒకటే జబ్బు, ఇద్దరికీ పేజీ ఊడిపోయింది. గడగడా మాట్లాడటమే కొలత అయితే తడబడిన నేను రోగిని, అన్నయ్య ఆరోగ్యవంతుడు.

ముందే తెలిసి ఉంటే నయమయ్యేదని నేను అనడం లేదు. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. కానీ ఆ రెండేళ్ళూ వదిన అన్నయ్యను కసురుకుంది. చెప్పిన మాట వినిపించుకోవడం లేదనీ, కావాలనే చేస్తున్నాడనీ. "అది తీసుకురా, ఇది తీసుకురా అంటే నా మొహంలోకి చూసేవారు, నాకు ఒళ్ళు మండేది" అని ఇప్పుడు చెప్పుకుని ఏడుస్తుంది. ముందే తెలిసి ఉంటే ఆ కసుర్లు తప్పేవి.

నేను వైద్యురాలిని కాను. మాట తట్టకపోవడం ఎప్పుడూ నిరపాయమేనని కూడా చెప్పను. ఉన్నట్టుండి మాట పడిపోతే, మూతి వంకర పోతే అది పక్షవాతం కావచ్చు, నిమిషం ఆలస్యం చేయకూడదు. రోజూ వాడే మాటలే నెలనెలా ఎక్కువగా జారిపోతుంటే చూపించుకోవలసిందే. కానీ అరవై దాటిన మనిషి పేరు గుర్తురాక వేళ్ళు విరుచుకుంటుంటే దాన్ని జబ్బుకు తొలి మెట్టని మీ పత్రిక ప్రకటించనక్కరలేదు. మామూలు మాట చెవిన పడ్డప్పుడు "అంటే ఏమిటి?" అని మనిషి మళ్ళీ మళ్ళీ అడుగుతుంటే, ఎంత చక్కగా మాట్లాడుతున్నా సరే, వైద్యుడికి చూపించమని రెండు వాక్యాలు వేయండి. వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే టైపులో వేయండి. సవరణలను లోపలి పేజీలో మూలకు నెట్టే అలవాటు మా రోజుల్లోనూ ఉండేది, అప్పుడూ నాకు నచ్చేది కాదు.

మరొక చిన్న సంగతి. మీ వ్యాసం మూడో పేరాలో "వృద్ధాప్యపు మరుపు" అనాల్సిన చోట "వృద్ధాప్యపు మెరుపు" అని పడింది. చదువుతుంటే కన్ను తట్టుకుంది. దాన్ని మాత్రం దిద్దనక్కరలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రూఫ్ రీడరు